ఆరో గడి

జూన్ 18

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని మొహం చిట్లించకు. పోయిన నెల ఫోన్లో మాట్లాడుకుంటే ఏం జరిగింది? ఇద్దరం ఒకేసారి అరిచాం, ఎవరేమన్నారో ఇద్దరికీ తెలియలేదు, చివరికి మరదలు వచ్చి నీ చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఉత్తరాల్లో అయితే వంతులవారీగా అరుచుకోవచ్చు. పైగా నీ దస్తూరీ చూసి చాలా రోజులైంది.

నా సంగతి విను. కాలేజీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఎత్తేశారు. ఇరవై రెండేళ్లు "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అన్న నోరు ఇది. ఇంటికి పంపేస్తారనుకున్నాను. పంపలేదు. మెట్ల కింద ఒక గదిలో కూర్చోబెట్టి దానికి హెచ్చరికల గది అని పేరు పెట్టారు. ఒక కంప్యూటరు, ఒక మైకు, మూత ఉన్న ఎర్ర మీట, ఒక చక్రం ఊడిన కుర్చీ. మంటలు రానీ, వరద రానీ, గ్యాసు లీకవనీ, నేను నాలుగు వేల మంది పిల్లల ఫోన్లకు ఒక్క నొక్కుతో మెసేజీ పంపాలి. గోడ మీద నియమాలు అంటించారు. ప్రిన్సిపాల్ గారి అనుమతి లేనిదే పంపకూడదు. హెచ్చరిక నడుస్తున్నంతసేపూ గది వదలకూడదు. సొంత ఫోన్ ఎత్తకూడదు. ఫోన్ ఎత్తడం తప్ప ఇంకో పని తెలియని మనిషికి ఎంత చక్కటి నియమమో చూడు.

వచ్చే గురువారం మొదటి డ్రిల్. మన పిట్ట హాస్టల్లో కింది అంతస్తే కదా, నా గదికి రెండు వందల అడుగులు. మెసేజీ రాగానే లేచి మైదానానికి నడవమని దానికి చెప్పు. నేను చెప్తే వినదు. మేనత్త నోరు తెరిస్తే చాలు, ఆవలింతలు మొదలు.

మరదలి కాలు ఎలా ఉంది? మెట్లెక్కనివ్వకు.

నీ అక్క

జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం డ్రిల్ అయిపోయిన మర్నాడు చేరింది. రెండు రోజుల ముందు వచ్చి ఉంటే నా పరువు దక్కేది.

గురువారం పొద్దున పదకొండింటికి కాటా మీద దాణా లోడు లారీ ఉంది. బరువు చీటీ సగం రాశాను. ఫోన్ గుయ్యిమంది. "మంటలు. వెంటనే గదులు వదిలి మైదానంలోకి రండి." కింద మీ కాలేజీ పేరు! పై ప్రాణాలు పైనే పోయాయి. పిట్టకు చేస్తే ఎత్తదు. పద్నాలుగుసార్లు చేశాను. కాటా గదికి తాళం కూడా వేయకుండా ఆ లారీ ఎక్కేసి "పద, పద" అన్నాను. డ్రైవరు బుర్రమీసాల మనిషి, పాపం ఎక్కడికని కూడా అడగకుండా తోలాడు. ఆరు కిలోమీటర్లు పోయాక ఇంకో మెసేజీ, "ఇది డ్రిల్. అందరూ తరగతులకు వెళ్లవచ్చు." డ్రైవరు బండి ఆపి, "అయితే నా బరువు చీటీ రాస్తావా అయ్యా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

అయినా నీ మీద కోపం లేదు. తమ్ముడు కంగారు మనిషని నా నంబరు కూడా నీ మిషన్లో ప్రత్యేకంగా పెట్టావు చూడు, అది అక్క మనసు. ఈసారి మాత్రం పైన డ్రిల్ అని పెద్దక్షరాలతో పెట్టు.

పిట్ట చివరికి ఎత్తి "ఏ మెసేజీ నాన్నా?" అంది. దాని ధ్యాస ఎక్కడుందో. అప్పటినుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చేసి కనుక్కుంటున్నాను. మధ్యలో ఖాళీ దొరికితే అప్పుడూ చేస్తున్నాను.

నీ మరదలు కుంటుతూనే ఇల్లంతా తిరుగుతోంది. చెప్తే వినే రకమా?

తమ్ముడు

జూలై 8

తమ్ముడికి,

పొగడ్త వెనక్కి తీసుకో. నీ నంబరు నేను పెట్టలేదు. తల్లిదండ్రులకూ ఒక మెసేజీ వెళ్లాలని ఆఫీసువాళ్లు పెట్టుంటారు. నాకు తెలియదు.

ఇక్కడ నా బతుకు నవ్వులపాలైంది. నాలుగు వేల మందిలో మైదానానికి వచ్చింది నాలుగు వందల పన్నెండు మంది. అందులో తోటమాలీలూ, వంటవాళ్లూ కూడా ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "పిల్లలకు భయం లేదమ్మా, మీరేం చేస్తారు" అన్నారు. జాలిపడ్డారు! అది తిట్టు కంటే పెద్దది. హాస్టల్ వైపు మైకు స్తంభం కాలవ తవ్వుతూ పీకేశారు, మళ్లీ పాతలేదు. మైకు లేకపోతేనేం, ఫోన్లున్నాయిగా అన్నారు.

మండుకొచ్చి నేరుగా పిట్ట గదికి వెళ్లాను. మహారాణి మంచం మీద కాళ్లు చాపుకుని జుట్టు చిక్కు తీసుకుంటోంది. "మెసేజీ చూడలేదా?" అంటే "రాలేదత్తా" అంది. నా ఎదురుగా, నేను పంపిన మెసేజీ, రాలేదట! నలుగురి ముందూ కడిగిపారేశాను. అబద్ధాలకోరు అన్నాను. ఆ మాట కొంచెం ఎక్కువైందేమో, నాకూ తెలుసు. అప్పటినుంచి కనబడితే మొహం తిప్పుకుంటోంది. నిన్న నా తలుపు కింద నుంచి మడిచిన కాగితం ఒకటి తోసి పోయింది. క్షమాపణ అయ్యుంటుంది. ఇంకా విప్పలేదు, సొరుగులో పడేశాను. నాలుగు రోజులు నాననీ.

నువ్వు కూడా గట్టిగా మందలించు. నిజంగా మంటలు వస్తే ఆ మంచం మీదే ఉంటుంది నీ కూతురు.

అక్క

జూలై 17

అక్కా,

నా కూతురు బద్ధకస్తురాలు, ఒప్పుకుంటాను. తిన్న కంచం తీయదు, ఒప్పుకుంటాను. అబద్ధం మాత్రం ఆడదు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి, ఎవరూ అడక్కముందే వచ్చి చెప్పిన పిల్ల అది. నలుగురి ముందూ ఆ మాట ఎలా అనగలిగావు? నీకు ముక్కు మీద కోపమని తెలుసు గానీ, పిల్ల మీదా?

లోపం మీ మిషన్లో వెతుక్కో. మా వైపు ఏ లోపమూ లేదు. చేరిన రోజు ఫారం నేనే నింపాను, ఒక్క గడి ఖాళీ వదల్లేదు. నాదొక్కటే కాదు, క్యూలో నా వెనకాల ఉన్నవాళ్లవి కూడా. ఒకరిది నింపితే పక్కాయన "నాదీ కాస్త" అన్నాడు, తర్వాత ఇంకొకాయన. రోజుకు నూట యాభై చీటీలు రాసే చెయ్యి కదా, రెండు గంటల్లో క్యూ క్యూ అంతా నింపేశాను. గుమాస్తా లేచి నాకు కుర్చీ ఇచ్చాడు.

ఇంకో మాట. పిట్ట ఈ మధ్య నా ఫోన్ ఎత్తడం లేదు. పదిసార్లు చేస్తే ఒకసారి ఎత్తి "బానే ఉన్నా నాన్నా" అని పెట్టేస్తోంది. నువ్వేమైనా నూరిపోశావా? నాన్న ఊరికే కంగారుపడతాడు, పట్టించుకోకు అని? అనే ఉంటావు. నీకు నా కంగారు ఎప్పుడూ వేళాకోళమే.

తమ్ముడు

ఆగస్టు 2

ఒరేయ్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నేనేమీ నూరిపోయలేదు. ఆ మాటకు తర్వాత దెబ్బలాడుకుందాం.

సొరుగులోని కాగితం విప్పాను. క్షమాపణ కాదు. కింది అంతస్తు గదులు వరసగా పద్నాలుగు, అందులో ఉన్న ఇరవై ఏడుగురు పిల్లల పేర్లు, ఒక్కొక్క పేరు పక్కన "రాలేదు", "రాలేదు", "రాలేదు". అడుగున "అత్తా, నేను అబద్ధం ఆడలేదు. లెక్కపెట్టుకో." నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

వెంటనే మిషన్లో పిట్ట పేరు వెతికి చూశాను. విద్యార్థి ఫోన్ నంబరు అన్నచోట ఎవరి నంబరు ఉందో చెప్పనా? నీది. ఫారాల కట్ట తెప్పించాను. ఆరో గడి విద్యార్థి ఫోన్, ఏడో గడి తండ్రి ఫోన్. నువ్వు రెండింట్లోనూ నీదే రాశావు. తర్వాతి ఫారం తీస్తే రెండింట్లోనూ ఆ తండ్రిదే. ఆ తర్వాతదీ అంతే. అంకెలన్నీ ఒకే చెయ్యి. ఏడు అంకె నడుముకు అడ్డగీత కొట్టే అలవాటు ఎవరిదో నాకు తెలియదా? క్యూ వరసలోనే గదులు ఇచ్చారు, అందుకే కింది అంతస్తు కింది అంతస్తంతా నీ దస్తూరీయే.

నీ ఒక్కడినే అనను. పై తరగతులవి కూడా చూశాను. మూడు వేల పైచిలుకు ఫారాల్లో ఆరో గడిలో తండ్రో, బాబాయో, మేనమామో కూర్చుని ఉన్నాడు. పిల్లల నంబరు ఊరందరి చేతుల్లో పడుతుందని ఒకరు, పిల్లకు ఫోన్ ఎందుకని ఒకరు. అంటే నా హెచ్చరిక మంటల్లో ఉన్నవాళ్లకు కాదు, ఎక్కడో ఊళ్లలో కూర్చున్నవాళ్లకు పోతోంది.

ప్రిన్సిపాల్ గారికి చెప్తే, తండ్రి సంతకంతో కొత్త ఫారం వస్తేగానీ మార్చకూడదన్నారు. అందరికీ ఫారాలు పంపాం. వచ్చినవాటిలో సగం మళ్లీ తండ్రుల నంబర్లతోనే వచ్చాయి. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నీ ఫారం దీంతో పంపుతున్నాను. ఆరో గడిలో పిట్ట నంబరు వేసి సంతకం చేసి పంపు. ఇవాళే.

పిట్ట దగ్గరికి వెళ్లి తప్పు నాదే అన్నాను. అంత తొందరగా కరగలేదు. టీ తాగించాను, తాగి గ్లాసు నా చేతిలో పెట్టి పోయింది.

అక్క

ఆగస్టు 12

అక్కా,

ఫారం పంపడం లేదు. కోప్పడకుండా విను.

తప్పు చేశానని ఒప్పుకుంటాను. కానీ ఆలోచించు, మెసేజీ నాకు వస్తే నష్టమేముంది? ఒక్క క్షణంలో పిట్టకు ఫోన్ చేసి చెప్తాను. పిల్లలు ఫోన్ ఎక్కడో పారేసి తిరుగుతారు, నిద్రపోతారు. నేను నిద్రపోను. ఆ డ్రిల్ నుంచి ఫోన్ చొక్కా జేబులోనే, స్నానానికి వెళ్తే కిటికీ మీద. మీ మిషన్ కంటే నేను తక్కువా?

నీకు తెలుసు నేనెందుకిలా అయ్యానో. మూడేళ్ల కిందట నీ మరదలు మెట్ల మీంచి పడి, తుంటి విరిగి, ఒక్కతే నేల మీద నాలుగు గంటలు పడి ఉంది. నాకు ఫోన్ చేస్తూనే ఉంది. ఆ రోజు నా ఫోన్ పక్క గదిలో చార్జింగులో ఉంది, నాకు తెలియలేదు. ఆ నాలుగు గంటలు నేను లారీలు తూస్తూ కూర్చున్నాను అక్కా. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, నా వాళ్లకు ఏమైనా సరే మొదట నాకే తెలియాలని. ఇప్పుడు నా నంబరు తీసేస్తే నా కళ్లకు గంతలు కట్టినట్టే.

ఆరో గడిలో నేనే ఉంటాను. పిట్టకు నేనున్నాను. నా నంబరు తీసేయకు.

తమ్ముడు

సెప్టెంబరు 5

అక్కా,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను.

మొన్న మధ్యాహ్నం రెండూ నలభైకి నీ మెసేజీ వచ్చింది. "మీ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేయండి. హాస్టల్ పక్క ట్యాంకు దగ్గర క్లోరిన్ లీకైంది. కింద ఉండొద్దు. బయటికి రావొద్దు. పై అంతస్తుకు ఎక్కి కిటికీలు మూయమని చెప్పండి." చేశాను. ముప్పై ఒక్కసార్లు చేశాను. మోగుతోంది, ఎత్తదు. నీకు పంతొమ్మిదిసార్లు చేశాను, నువ్వూ ఎత్తలేదు. ఊళ్లో అందరూ నీకే చేస్తుంటారు, లైను దొరికి ఉండదులే అనుకున్నాను. కాటా గదిలో గోడకు తల కొట్టుకున్నాను. ఒక్క క్షణంలో చెప్తానన్న మొనగాణ్ని, ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

బస్సెక్కి సాయంత్రానికి వచ్చేసరికి పిట్ట ఆసుపత్రిలో ఉంది. కళ్లు చింతనిప్పులు, ఊపిరి తీస్తే పిల్లికూత. గొంతు పూర్తిగా పోయింది, మాట్లాడించొద్దన్నారు డాక్టరు. మర్నాడు నీ కోసం వస్తే, విచారణ జరుగుతోంది, బయటికి రారు అన్నాడు బంట్రోతు. గంట నిలబడ్డాను. నా మొహం చూడలేక లోపలే కూర్చున్నావని అర్థమైంది. పిట్టను తీసుకుని వచ్చేశాను.

మిగతా పిల్లలందరూ పైకెక్కారట. ఒక్క నా కూతురికే ఇలా ఎందుకైంది? నువ్వు రెండు వందల అడుగుల దూరంలో ఉన్నావు. లేచి వెళ్లి ఒక్కసారి ఆ తలుపు కొట్టలేకపోయావా?

తమ్ముడు

సెప్టెంబరు 11

తమ్ముడూ,

కొట్టలేకపోయాను. ఎందుకో చెప్తాను, చదివాక నీ ఇష్టం.

ఎలక్ట్రీషియన్ దగ్గుతూ వచ్చి ట్యాంకు దగ్గర క్లోరిన్ సిలిండర్ లీకైపోయిందన్నాడు. గాలి హాస్టల్ వైపు ఉంది. క్లోరిన్ బరువైన గాలి, నేల పట్టుకుని పాకుతుంది, కింది అంతస్తే ముందు మునుగుతుంది. ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఉన్నారు, తలుపు తీయలేదు. అనుమతి లేకుండానే ఎర్ర మీట మూత లేపాను. మిషన్లో మెసేజీ సిద్ధంగా ఉంది, "విద్యార్థులారా" అని. ఏ విద్యార్థులకు రా? అది చేరేది మీకు. అది చెరిపేసి మీకే రాశాను. తొందరలో రెండు అక్షరాలు తప్పులు పోయాయి. నొక్కాను. అప్పుడు మూడు వేల మంది తండ్రులు ఒకేసారి ఫోన్లు తీశారు. హాస్టల్ హాస్టలంతా మోగడం నా గది వరకూ వినబడింది.

పిట్టది చెప్తాను, దానికి గొంతు లేదు కదా. దాని ఫోన్ జూన్ నుంచి సైలెంటులోనే ఉంది. రోజుకు పదిహేనుసార్లు చేసే నీ ఫోన్ల పుణ్యమే. నీకు చెప్పొద్దని, నువ్వు బస్సు దిగకముందే ఆసుపత్రిలో కాగితం మీద రాసి నా చేత ఒట్టు వేయించుకుంది, ఇదిగో తీసి గట్టున పెట్టేశాను. ఆ రోజు దాని గదిలో పిల్లకు వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. ఇద్దరూ పైకి పరుగెత్తారు. సగం మెట్ల మీద నీ కూతురు ఆగిందట. అందరి నాన్నలకూ లైను దొరకదు, మధ్యాహ్నం నిద్రలో ఎంతమంది ఉన్నారో అంది. కంచం, గరిటె పట్టుకుని కిందికి దిగింది. పద్నాలుగు గదులూ దానికి కంఠతా వచ్చు, నా కోసం రాసిన పట్టిక కదా. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని తలుపు తలుపూ వాయించింది. తొమ్మిదిమంది నిద్రలో ఉన్నారు. ఇరవై ఆరో పిల్ల పైకెక్కాక ఇరవై ఏడోదిగా తను ఎక్కింది. దాన్ని అబద్ధాలకోరు అన్న నోరు నాది.

ఇప్పుడు నా సంగతి. లైను దొరకలేదని రాశావు. దొరికింది. నా ఫోన్ బల్ల మీదే ఉంది. మోగినప్పుడల్లా నీ పేరు కనబడింది. పిట్ట ఎత్తడం లేదు కాబట్టే నాకు చేస్తున్నావని మొదటిసారికే అర్థమైంది. అంటే పిట్ట కిందే ఉందేమో. లేచాను. తలుపు దాకా వెళ్లాను. రెండో మెసేజీ పంపాలి, తూర్పు గేటు దగ్గరికి పోవద్దని. అక్కడికే గుంపుగా పరుగెడుతున్నారని ఎలక్ట్రీషియన్ అరుస్తున్నాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. నీ ఫోన్ మళ్లీ మోగింది. బోర్లా పెట్టేశాను. అది బల్ల మీద గుర్రుమంటూనే ఉంది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

అనుమతి లేకుండా నొక్కినందుకు నా మీద విచారణ. నువ్వు వచ్చావని సాయంత్రం చెప్పారు, పరుగెత్తుకొచ్చాను, బస్సు వెళ్లిపోయింది. మెమో ఇచ్చారు. పిల్లల సొంత నంబర్లు నెలలోగా చేర్చాలని ఆ కాగితంలోనే ఆర్డరూ వేశారు. మెమో ఇస్తే ఇచ్చుకోనీ. నన్ను క్షమించమని అడగను. ఆ కుర్చీలో మళ్లీ కూర్చుంటే మళ్లీ బోర్లా పెడతాను. అది నీకు తెలియాలని రాశాను.

అక్క

సెప్టెంబరు 20

అక్కా,

నీ ఉత్తరం కాటా గదిలోనే చదివాను. బయట సిమెంటు లారీవాడు హారన్ కొడుతున్నాడు. కొట్టనీ అని రెండోసారి చదివాను.

నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకో చెప్తాను, ఇది ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్ల కిందట ఆ రోజు నా ఫోన్ చార్జింగులో లేదు. నా చేతి పక్కనే ఉంది. మోగింది. నీ మరదలి పేరే. కాటా మీద ఇటుకల లారీ ఉంది, అంకెలు ఇంకా నిలవలేదు. ఇంటికేదో తెమ్మని చేస్తోందిలే అనుకున్నాను. బోర్లా పెట్టాను. తర్వాత ఇంకో లారీ, ఇంకో లారీ. మరిచేపోయాను. అది నేల మీద పడి చేస్తూనే ఉంది, నేను తూస్తూనే ఉన్నాను. చార్జింగు అని డాక్టరుకు చెప్పాను, నీకు చెప్పాను, తనకూ చెప్పాను. తను నమ్మి, "పోన్లెండి, మీకెలా తెలుస్తుంది" అంది. ఆ మాట మూడేళ్లుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. నా కంగారంతా అదే అక్కా. ఇంకేమీ కాదు.

నువ్వు బోర్లా పెట్టి అంతమంది పిల్లల్ని మేడెక్కించావు. నేను బోర్లా పెట్టి ఇటుకలు తూచాను.

ఫారం దీంతో పంపుతున్నాను. ఆరో గడిలో పిట్ట నంబరు, దాని చేతే రాయించాను. ఏడో గడిలో నేను. మిగతా ఇరవై ఆరు ఖాళీ ఫారాలూ తీసి ఉంచు. ఆ తండ్రులందరికీ ఫోన్ చేశాను, ఆదివారం వస్తామన్నారు. నేనూ వచ్చి అదే కుర్చీలో కూర్చుని మళ్లీ నింపుతాను, ఈసారి ప్రతి పిల్లనీ నంబరు అడిగి.

పిట్టకు గొంతు కొంచెం వచ్చింది. మొదటి మాట "అత్తకు ఫోన్ చెయ్యి" అని. నన్ను చేయమంది, తను చేయలేదు. ఇంకా కాస్త బెట్టు మిగిలినట్టుంది. దాన్ని వచ్చే వారం దింపుతాను. రోజుకు ఒక్కసారే చేయాలని ఒప్పందం చేసుకున్నాం. నిన్న ఆగలేక రెండుసార్లు చేశాను, పక్క గదిలోంచే.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికి వెళ్తున్నాను. వెళ్లి నీ మరదలికి చెప్తాను. ముందు కుర్చీలో కూర్చోబెట్టి అప్పుడు చెప్తాను. ఆ కాలితో నిలబడి వినక్కర్లేదు.

తమ్ముడు